పాత డిస్కులు నడిస్తే కొత్త కన్సోల్ ఎక్కువగా అమ్ముడవుతుందా?

ప్రశ్న: హన్మకొండ చౌరస్తా

అందరికీ నమస్కారం. హన్మకొండలో నాకు ఒక చిన్న దుకాణం ఉంది. గేములు ఆడే యంత్రాలైన కన్సోళ్ళు, వాటి కంట్రోలర్లు, డిస్కులు, కొత్తవైనా వాడినవైనా కొంటాను, అమ్ముతాను, చెడిపోయినవి బాగు చేస్తాను. పదహారేళ్ళుగా ఇదే నా బతుకుదెరువు. దసరాకు రెండు నెలల ముందు కొత్త సరుకు ఎంత తెప్పించాలి, అల్మారాలో ఉన్న పాత డిస్కులను ఉంచుకోవాలా, వచ్చిన ధరకు ఇచ్చేయాలా అని ప్రతి ఏడూ లెక్క వేసుకుంటాను. ఈసారి ఆ లెక్క ఒకచోట ఆగిపోయింది.

దుకాణానికి వచ్చినవాళ్ళు ధర కంటే ముందే అడిగే మాట ఒకటుంది: "అన్నా, మా పాత సీడీలు దీంట్ల నడుస్తయా?" నడుస్తాయని చెబితే స్టూలు మీద కూర్చుని మిగతా సంగతులు మాట్లాడతారు. నడవవంటే "ఇంట్ల అడిగి వస్తం" అని వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. దీన్ని బట్టి చూస్తే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ, అంటే పాత తరం గేములు కొత్త యంత్రంలో నడవడం, అమ్మకానికి ప్రాణమనే అనుకోవాలి. కానీ కొన్నవాళ్ళే ఆరు నెలల తర్వాత కంట్రోలర్ బాగు చేయించుకోవడానికి వచ్చినప్పుడు పాత డిస్కులు ఆడుతున్నారా అని అడిగితే, మొదటి వారం పెట్టి చూశామని, ఆ తర్వాత తీయలేదని చెబుతారు. తర్వాత వాడబోని సౌకర్యం కోసం కొనేముందు అంత పట్టుబట్టడం ఎందుకో నాకు అంతు చిక్కడం లేదు.

ఒక అనుభవం కూడా చెప్పాలి. మూడు నాలుగేళ్ళ కిందట, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకుని ఒక రైతు నేరుగా నా దుకాణానికి వచ్చాడు. వెంట కొడుకు ఉన్నాడు. పరీక్షలు బాగా రాస్తే కొనిస్తానని ఆ తండ్రి మాట ఇచ్చాడట. సోనీ ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4 గేములన్నీ ఇందులో నడుస్తాయని చెప్పి నాకు సరుకిచ్చే డీలరు పంపిన, దాని తర్వాతి తరమైన పీఎస్5 డిజిటల్ మోడల్‌ను, పది వేలు తక్కువకు వస్తుంది కదా అన్న ఆలోచనతో, అదే మాట చెప్పి నేనూ వాళ్ళకు అమ్మాను. మూడో రోజు ఇద్దరూ తిరిగి వచ్చారు. అబ్బాయి చేతిలో బట్టల దుకాణం సంచి ఉంది, అందులో పదకొండు పీఎస్4 డిస్కులు ఉన్నాయి. కన్సోల్‌ను కౌంటర్ మీద పెట్టి, ఒక డిస్కు తీసి నడిమి రంధ్రంలో వేలు పెట్టి పట్టుకుని, "దీన్ని యేడ పెట్టాలె అన్నా?" అని అడిగాడు. డిజిటల్ మోడల్‌కు డిస్కు పెట్టే సందే ఉండదు. నేను చెప్పిన మాట అబద్ధం కాదు, ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న పీఎస్4 గేములు అందులో నడుస్తాయి, కానీ ఆ అబ్బాయికున్న గేములు సంచిలో ఉన్నాయి. తేడా డబ్బు మాత్రమే తీసుకుని డిస్కు మోడల్ ఇచ్చాను, వెనక్కి వచ్చినదాన్ని నష్టానికి అమ్మాను. ఆ నష్టం మరిచిపోయాను గానీ, ఏం మాట్లాడకుండా నిలబడ్డ ఆ తండ్రిని మరిచిపోలేదు.

అందుకే అడుగుతున్నాను. పాత గేములు నడవడం వల్ల కొత్త కన్సోల్ అమ్మకాలు నిజంగా పెరుగుతాయా? పెరిగితే ఎప్పుడు పెరుగుతాయి, ఎంతకాలం పెరుగుతాయి? నా అల్మారాలో ఉన్న దాదాపు నాలుగు వందల పీఎస్4 డిస్కుల గతి ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.


జవాబు: కాజీపేట జంక్షన్

చౌరస్తా గారికి నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. ఈ విషయం మీద నాకు చాలాకాలంగా ఆసక్తి ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పైపైన చూస్తే అంకెలు రెండు వైపులా సాక్ష్యం చెబుతాయి. 2000లో వచ్చిన పీఎస్2 మొదటి ప్లేస్టేషన్ డిస్కులను ఆడించింది, 15 కోట్లకు పైగా అమ్ముడైంది. చేత పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ తన ముందు తరమైన గేమ్‌బాయ్ అడ్వాన్స్ గేములను ఆడించింది, అదీ 15 కోట్లు దాటింది. ఇవి చూసి పాత గేముల బలమే బలమని చెప్పేవాళ్ళున్నారు. కానీ 2012లో వచ్చిన నింటెండో వారి వీ యూ కన్సోల్ కూడా తన ముందుదైన వీ గేములను చక్కగా ఆడించింది. వీ 10 కోట్లకు పైగా అమ్ముడైతే వీ యూ 1 కోటి 35 లక్షల దగ్గర ఆగిపోయింది. దాని తర్వాత 2017లో వచ్చిన నింటెండో స్విచ్, వీ యూ డిస్కులను అసలు తీసుకోనే లేదు, అయినా 15 కోట్లు దాటింది. అంటే పాత గేములు నడిచినంత మాత్రాన కన్సోల్ గెలవదు, నడవనంత మాత్రాన ఓడిపోదు. వీ యూ అన్నది కొత్త యంత్రమో, పాత వీకి తగిలించుకునే పరికరమో చాలామంది కొనుగోలుదారులకు అర్థం కాలేదు, బయటి కంపెనీల గేములు కూడా దానికి తక్కువగా వచ్చాయి. అలాంటి లోటును పాత గేములు పూడ్చలేవు.

అయితే ఇంతటితో ఆపితే మీ ప్రశ్నకు అన్యాయం జరుగుతుంది. అసలు సంగతి కాలంలో ఉంది. కొత్త కన్సోల్ వచ్చిన మొదటి సంవత్సరంలో దానికోసమే తయారైన గేములు చాలా తక్కువగా ఉంటాయి. గేములు లేవు కాబట్టి జనం కొనరు, జనం కొనలేదు కాబట్టి గేములు తయారుచేసేవాళ్ళు ముందుకు రారు. ఈ రెండు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చునే రోజుల్లో, పాత గేముల నిల్వ కొత్త యంత్రానికి అన్నప్రాసన వంటిది. అమెరికాలో చేత పట్టుకుని ఆడే కన్సోళ్ళ మార్కెట్‌ను లెక్కగట్టి ఆర్థికవేత్తలు చేసిన ఒక పరిశోధనలో తేలింది కూడా ఇదే. పాత తరానికున్న బలం కొంతవరకు కొత్త తరానికి బదిలీ అవుతుంది, కానీ ఆ ప్రభావం విడుదలైన కొత్తలోనే ఎక్కువగా ఉంటుంది. రెండు తరాల మధ్య సాంకేతికంగా పెద్ద అంగ ఉంటే ప్రభావం ఇంకా తగ్గుతుంది. మరో విషయం కూడా వాళ్ళు గమనించారు: పాతవి నడుస్తున్నందువల్ల కొత్త గేముల తయారీ కొంత మందగిస్తుంది. అమ్మకానికి సాయం చేసే గుణమే మరోవైపు కొంచెం కాళ్ళకు అడ్డం పడుతుందన్న మాట.

ఇక వాడని సౌకర్యం కోసం పట్టుబట్టడం ఎందుకన్న మీ సందేహం. పాత బంగారం ఇచ్చి కొత్త నగ తీసుకునే ఆడపడుచును చూడండి. పాత గొలుసును ఆమె మళ్ళీ మెడలో వేసుకోదు, కానీ దాని విలువ లెక్కలోకి వస్తుందని తెలిస్తేనే కొత్త నగ మీద మనసు పెడుతుంది. మీ దుకాణానికి వచ్చే కుర్రవాడి చేతిలో పదకొండు డిస్కులుంటే, ఒక్కొక్కటి మూడు నాలుగు వేలు పెట్టి కొన్నదైతే, వాడి ఇంట్లో కన్సోల్ ఖరీదుకు దగ్గరగా డబ్బు మూలుగుతున్నట్టే. "నడుస్తయా" అని వాడు అడిగేది రేపు ఆడుకోవడానికి కాదు, ఆ డబ్బు మట్టిపాలు కాదు కదా అని తెలుసుకోవడానికి. నడిస్తే ఉంచుకోవచ్చు, లేదా మీలాంటి దుకాణంలో అమ్మి కొత్త గేము కొనుక్కోవచ్చు. ఎంతమంది ఎన్ని గంటలు ఆడారని మాత్రమే లెక్కపెట్టి, వాడకం లేదు కాబట్టి విలువ లేదని తేల్చడం తప్పని నా అభిప్రాయం.

దీని బలం ఎంతో తెలియాలంటే 2013నూ 2020నూ పక్కపక్కన పెట్టి చూడాలి. 2013లో పీఎస్4 గాని, దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ గాని విడుదలనాటికి ముందు తరం డిస్కులను ఆడించలేదు. పాత గేముల బరువు ఎవరికీ లేకపోవడంతో ముందు తరం ఎక్స్‌బాక్స్ 360 ఉన్నవాళ్ళు కూడా స్వేచ్ఛగా పీఎస్4 వైపు వెళ్ళగలిగారు. ధరలోనూ పీఎస్4 వంద డాలర్లు తక్కువ: అది 399 డాలర్లు, ఎక్స్‌బాక్స్ వన్ 499 డాలర్లు. 2015 నవంబరు నుంచి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌లో 360 గేములను ఆడించడం మొదలుపెట్టింది, ఎంతో శ్రద్ధగా చేసింది కూడా, కానీ అప్పటికి జనం అటు సర్దుకున్నారు. పీఎస్4 తమకంటే రెట్టింపు కన్నా ఎక్కువ అమ్ముడైందని 2022లో బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థకు ఇచ్చిన పత్రాల్లో మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ఆలస్యంగా ఇచ్చిన సౌకర్యం మంచి పేరు తెచ్చింది గాని అమ్మకాల వరుసను మార్చలేదు. 2020కి వచ్చేసరికి రెండు వైపులా పాత గేములు నడుస్తున్నాయి. పీఎస్4 కాలంలో స్టోర్‌లో గేములు కొని దాచుకున్నవాడు పీఎస్5కే వెళ్తాడు తప్ప ఆ నిల్వను వదులుకుని పక్కకు వెళ్ళడు. డిజిటల్ గేముల నిల్వ అందరికీ ఏర్పడిన ఆ 2013 తరంలోనే ఓడిపోవడం తమకు పెద్ద దెబ్బ అని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023లో బహిరంగంగా చెప్పారు. కాబట్టి ఈ సౌకర్యం కొత్తవాళ్ళను పిలుచుకు రావడం కంటే, ఉన్నవాళ్ళను కదలకుండా పట్టి ఉంచడంలో గట్టిది. ముందు తరంలో గెలిచినవాడికి అది రెట్టింపు లాభం, ఓడినవాడికి అంతంత మాత్రం.


జవాబు: మానేరు గట్టు

నేను కరీంనగర్ వాడిని. చిప్‌లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం కాబట్టి యంత్రం లోపలి సంగతి కొంత చెప్పగలను. కాజీపేట సార్ చెప్పినవాటితో నాకు పెద్దగా విభేదం లేదు, కానీ ధర గురించి ఆయన దాటేసిన ఒక ముక్క ఉంది. పాత గేములు నడిపించడానికి తయారీదారుకు ఖర్చవుతుంది, ఆ ఖర్చు ధరలోకి ఎక్కితే అమ్మకాలు పెరగడానికి బదులు తగ్గుతాయి.

పీఎస్2లో మొదటి ప్లేస్టేషన్ ప్రాసెసర్‌నే లోపల పెట్టారు. అయితే ఊరికే పెట్టలేదు. పీఎస్2 గేములు నడిచేటప్పుడు కంట్రోలర్, మెమరీ కార్డు వంటివాటిని చూసుకునే పనిని దానికి అప్పగించారు. పాత డిస్కు పెడితే అదే ముఖ్య ప్రాసెసర్‌గా మారుతుంది. ఒకే ఎద్దుతో దున్నుడూ బండీ రెండూ వెళ్ళదీసినట్టు, అదనపు ఖర్చు పెద్దగా లేకుండానే పని జరిగింది. పీఎస్3 దగ్గరికి వచ్చేసరికి ఆ వీలు లేకపోయింది. 2006 నవంబరులో జపాన్, అమెరికాలలో విడుదలైన 20 జీబీ, 60 జీబీ మోడళ్ళలో పీఎస్2 తాలూకు ముఖ్య ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ చిప్‌నూ రెంటినీ విడిగా బోర్డు మీద అమర్చారు. పాత గేములు చక్కగా నడిచాయి, కానీ అమెరికాలో ధర 499, 599 డాలర్లు. దానికి కారణం ఈ చిప్‌లొక్కటే కాదు, పీఎస్3 సొంత ప్రాసెసర్ అయిన సెల్, బ్లూ-రే డ్రైవ్ కూడా ఖరీదైనవే. 2007 మార్చిలో యూరప్‌కు వచ్చిన మోడల్‌లో పీఎస్2 ముఖ్య ప్రాసెసర్‌ను తీసేసి దాని పనిని సాఫ్ట్‌వేర్‌తో చేయించారు, కొన్ని గేములు తగ్గాయి. అదే ఏడాది చివర వచ్చిన 40 జీబీ మోడల్‌లో పీఎస్2 గేములు పూర్తిగా పోయాయి, ధర 399 డాలర్లకు దిగింది. 2009 సెప్టెంబరులో 299 డాలర్లకు స్లిమ్ మోడల్ వచ్చినప్పుడు దానిలో పీఎస్2 డిస్కు పెడితే తిరగదు, అయినా పీఎస్3 అమ్మకాలు గట్టిగా పుంజుకున్నది అప్పుడే. పాత గేములకూ ధరకూ పోటీ పెడితే ధరదే పైచేయి అనడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

సెల్ ప్రాసెసర్ వేరే ఏ యంత్రానికీ పోలిక లేని రకం. పీఎస్4కు సోనీ మామూలు కంప్యూటర్లలో ఉండే ఎక్స్86 రకం ప్రాసెసర్‌ను ఎంచుకుంది. దానితో పీఎస్3 గేములకు దారి మూసుకుపోయింది, కానీ ఆ నిర్ణయం వల్లనే పీఎస్5లో పీఎస్4 గేములు దాదాపు అదనపు ఖర్చు లేకుండా నడుస్తున్నాయి. రెంటిదీ ఒకే కుదురు. విడుదలకు ముందు సోనీ చెప్పిన లెక్క ప్రకారం నాలుగు వేలకు పైబడిన పీఎస్4 గేముల్లో 99 శాతం పీఎస్5లో ఆడుకోవచ్చు. స్విచ్ 2లో చిప్ మారింది కాబట్టి నింటెండో పాత గేముల ఆదేశాలను నడుస్తుండగానే కొత్త చిప్‌కు అర్థమయ్యేలా మార్చే పద్ధతి పెట్టుకుంది. 2025 జూన్ 5న వచ్చిన ఆ యంత్రం నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది. అందులో పాత గేముల వాటా ఎంత, సరుకు ముందుగానే బాగా సిద్ధం చేసుకున్నందువల్ల ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. అయితే ఎనిమిదేళ్ళుగా కూడబెట్టుకున్న కార్ట్రిడ్జ్‌లు చేతిలో ఉన్నవాడు ఆలోచించకుండా మారడానికి అది తప్పక తోడ్పడి ఉంటుందని నమ్ముతున్నాను.

చౌరస్తా అన్నా, మీ కౌంటర్‌కు పనికొచ్చే విషయాలు కూడా చెబుతాను. "నడుస్తుంది" అన్న ఒక్క మాటలో చాలా రకాలున్నాయి. పీఎస్4 డిస్కును పీఎస్5లో పెడితే గేము ఆ డిస్కు నుంచే ఎక్కుతుంది. ఎక్స్‌బాక్స్ వన్‌లోనో, దాని తర్వాతి తరమైన సిరీస్ ఎక్స్‌లోనో 360 డిస్కు పెడితే మాత్రం డిస్కు తాళం చెవిలా పనిచేస్తుందే తప్ప, గేమంతా ఇంటర్నెట్ నుంచే దిగాలి. నెట్ సరిగా లేని ఊరికి తీసుకెళ్ళేవాళ్ళకు ఆ తేడా ముందే చెప్పడం మంచిది. అదే తరంలోని మరో ఎక్స్‌బాక్స్, సిరీస్ ఎస్‌కు డిస్కు సందే లేదు. పీఎస్5 డిజిటల్‌లో మొదటి మోడల్‌కు తర్వాత డిస్కు డ్రైవ్ తగిలించే వీలు లేదు. 2023 చివరలో వచ్చిన స్లిమ్ డిజిటల్‌కు విడిగా డ్రైవ్ కొని తగిలించవచ్చు, మొదటిసారి జత చేసేటప్పుడు ఇంటర్నెట్ కావాలి. మరొకటి: పీఎస్4 గేములను మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్కులో పెట్టుకుని పీఎస్5లో నేరుగా ఆడుకోవచ్చు, పీఎస్5 గేములను అలా ఆడలేం, దాచుకోవచ్చంతే. స్థలం చాలదని బాధపడే కస్టమర్‌కు ఈ సంగతి చెబితే పాత డిస్కుల మీద గౌరవం పెరుగుతుంది.


జవాబు: గోదావరిఖని పార్లర్

పై ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, నేను వాళ్ళంత చెప్పలేను. కానీ 2008 నుంచి గేమ్ పార్లర్ నడుపుతున్నాను, గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడిని కాబట్టి ఎవరు ఏది ఎంతసేపు ఆడతారో రోజూ కళ్ళారా చూస్తాను. పాత గేములు నడవడానికి మీరంతా ఇస్తున్న విలువ ఎక్కువని నా అభిప్రాయం.

మన ప్రాంతానికి ఈ సౌకర్యం మొదటిసారి వచ్చినప్పుడు దానికి ఏ అర్థమూ లేకపోయింది. ఆ రోజుల్లో నా పార్లర్‌లో ఆరు పీఎస్2లు ఉండేవి, ఆరింటికీ కాపీ డిస్కులు ఆడించే మోడ్ చిప్ వేయించినవే. మార్కెట్‌లో నలభై, యాభై రూపాయలకు దొరికే కాపీ డిస్కులే అందరమూ వాడేవాళ్ళం. అది తప్పని ఇప్పుడు తెలుసు, అప్పుడు వేరే దారి ఉందని కూడా మాకు తెలియదు. ఒక మిత్రుడు దుబాయి నుంచి మొదటి రకం పీఎస్3 తెచ్చినప్పుడు నా డిస్కుల పెట్టె మొత్తం తీసుకెళ్ళి ఒక్కొక్కటి పెట్టి చూశాం. లోపలికి తీసుకుంటుంది, కాసేపు తిప్పుతుంది, ఒప్పుకోదు. రెండు వందలకు పైగా డిస్కుల్లో నడిచింది ఒకే ఒక్కటి. అదొక్కటే నేను బిల్లుతో కొన్న అసలు డిస్కు, హైదరాబాదు కంపెనీ తయారు చేసిందని ముచ్చటపడి కొన్న "హనుమాన్: బాయ్ వారియర్". 2009లో పీఎస్2 కోసం వచ్చిన ఆ గేమును ఇవాళ నా పిల్లలకు చూపించాలంటే ఆ పాత పీఎస్2నే బయటకు తీయాలి, పీఎస్4లో గాని పీఎస్5లో గాని నడవదు. అసలు డిస్కులు కొనే అలవాటు మన దగ్గర పీఎస్3, పీఎస్4 కాలంలోనే గట్టిపడింది. కాబట్టి అమెరికా, జపాన్ అంకెలు తెచ్చి పీఎస్2 నాటి సంగతులతో మన ఊరిని కొలవవద్దని మనవి.

ఇప్పటి సంగతికి వస్తే, నా దగ్గర ఆడేవాళ్ళకు కావలసింది ఫుట్‌బాల్, క్రికెట్, కుస్తీ, కారు పందేలు. ఫుట్‌బాల్ గేము ప్రతి ఏడూ కొత్తది వస్తుంది, కొత్తది రాగానే పాతదాన్ని ఎవరూ ముట్టుకోరు. 2017లో అమెరికాకు చెందిన ఆర్స్ టెక్నికా పత్రిక ఎక్స్‌బాక్స్ వన్ ఆటగాళ్ళ సమయాన్ని నమూనాగా తీసి లెక్కకడితే, 360 గేముల మీద గడిపిన సమయం ఒకటిన్నర శాతం అని తేలింది. కన్సోల్ ఉన్నవాళ్ళలో సగం మంది ఏదో ఒకసారి పాత గేము ఆడి చూశారని మైక్రోసాఫ్ట్ దానికి బదులు చెప్పింది. రెండూ నిజమే అయి ఉంటాయి, మన దగ్గరా అంతే. పెట్టి చూస్తారు, వదిలేస్తారు. పాత బంగారం పోలిక వినడానికి బాగుంది గాని, బంగారం ధర ఏటేటా పెరుగుతుంది, పోయిన ఏడాది ఫుట్‌బాల్ డిస్కు ధర దసరా నుంచి సంక్రాంతికే సగానికి పడుతుంది.

నన్ను పీఎస్5 కొనకుండా ఆపింది కూడా ఈ కలగలుపు వ్యవహారమే. కొత్త గేములు రెండింటికీ వస్తున్నప్పుడు నడుస్తున్న పీఎస్4ను పక్కన పెట్టి యాభై వేలు ఎందుకు పోయాలి? 2024 మేలో సోనీ ఇచ్చిన వివరాల్లో ప్లేస్టేషన్ నెలవారీ ఆటగాళ్ళలో దాదాపు సగం మంది ఇంకా పీఎస్4 మీదే ఉన్నారు, అప్పటికి పీఎస్5 వచ్చి మూడున్నరేళ్ళు. పాత గేములు నడిపించే అదే తీరు కొత్త గేములను పాత యంత్రంలో కూడా నడిపిస్తోంది. అమ్మకం పెంచుతుందని మీరు చెప్పే వస్తువే నా వంటి వాడి కొనుగోలును మూడేళ్ళు వాయిదా వేసింది.


జవాబు: కాజీపేట జంక్షన్

పార్లర్ గారి మాటల్లో రెండింటిని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కాపీ డిస్కుల సంగతి నాకు తట్టనే లేదు, అది లేకుండా మన ప్రాంతం గురించి మాట్లాడకూడదు. డిస్కు ధరల గురించి కూడా ఆయనే సరి. ఏటా మారే క్రీడల గేములకు నా బంగారం పోలిక వర్తించదు. కథ ఉన్న గేములకు, పిల్లలతో కలిసి ఆడే గేములకు, ఇప్పటికీ ఆన్‌లైన్‌లో జనం ఉన్న గేములకు వర్తిస్తుంది.

కానీ కొనుగోలు వాయిదా పడిన విషయంలో చిన్న సవరణ చేస్తాను. కొత్త గేములను పాత యంత్రానికి కూడా విడుదల చేయడం వేరు, పాత గేములు కొత్త యంత్రంలో నడవడం వేరు. మిమ్మల్ని ఆపింది మొదటిది. పాత యంత్రాలు కోట్లలో ఉన్నప్పుడు ఆ మార్కెట్‌ను వదులుకోవడం ఇష్టం లేక తయారీదారులు రెండు వైపులా విడుదల చేస్తారు. రెండు యంత్రాలూ ఒకే కుదురువి కావడం ఆ పనిని తేలిక చేసిందన్నది నిజమే. రెండవది మాత్రం మీకు ఇంకా పనికి రాలేదు, మీరు కొనే రోజున పనికొస్తుంది. ఆ రోజు మీ పార్లర్‌లోని పీఎస్4 డిస్కులన్నీ కొత్త యంత్రంలో పడతాయి కాబట్టి మొదటి నెల నుంచే గంటల లెక్క ఆగకుండా నడుస్తుంది. అవి పడకపోతే మీరు కన్సోల్‌తో పాటు ఇరవై కొత్త గేములకు కూడా డబ్బు చూసుకోవలసి వచ్చేది, అప్పుడు వాయిదా మూడేళ్ళ దగ్గర ఆగేది కాదు.


జవాబు: హన్మకొండ చౌరస్తా

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి దుకాణం మూశాక అల్మారాలోని డిస్కులన్నీ కింద పరిచి రెండు కుప్పలుగా వేరు చేశాను. ఏటా మారే ఫుట్‌బాల్, కుస్తీ గేములు ఒక కుప్ప, అవి నూట యాభైకి పైనే తేలాయి. వాటిని ఈ నెలలోనే వచ్చిన ధరకు ఇచ్చేస్తాను. పార్లర్ అన్నకు కావలసినవి ఏమైనా ఉంటే ముందు ఆయనకే. కథ ఉన్న గేములను, ఇద్దరు కలిసి ఆడేవాటిని ఉంచుకుంటాను. పీఎస్5 కొనేవాళ్ళు మొదటి రోజున ఒక కొత్త గేముకు నాలుగైదు వేలు పెట్టలేక, ఎనిమిది వందలకో వెయ్యికో దొరికే పీఎస్4 డిస్కులు రెండు తీసుకోవడం నేను చాలాసార్లు చూశాను, కానీ దాన్ని ఒక లెక్కగా ఎప్పుడూ చూడలేదు. ఈ దసరాకు కన్సోల్‌తో పాటు అలాంటి డిస్కులు మూడు కలిపి ఒకే ధర చెప్పి చూస్తాను.

సరుకు విషయంలో, డిజిటల్ మోడళ్ళు అడిగినవాళ్ళకు మాత్రమే తెప్పిస్తాను, మిగతావన్నీ డిస్కు మోడళ్ళే. పీఎస్4 ఉన్న పాత కస్టమర్ల నంబర్లు నా పుస్తకంలో ఉన్నాయి. కొత్తవాళ్ళ కోసం బోర్డులు పెట్టడం కంటే ముందు వాళ్ళకు ఫోన్ చేస్తాను, ఎందుకంటే ఈ సౌకర్యం పట్టి ఉంచేది వాళ్ళనే అన్న మాట నాకు బాగా నాటింది.

కౌంటర్ వెనక గోడకు "పాత సీడీలు నడుస్తాయి" అని ఒక కాగితం అంటించి ఉండేది. దాన్ని తీసేసి ఇవాళ పొద్దున ఇలా రాసి పెట్టాను: "పీఎస్5 డిస్కు మోడల్‌లో పీఎస్4 డిస్కులు నడుస్తాయి. పీఎస్3, పీఎస్2 డిస్కులు నడవవు. డిజిటల్ మోడల్‌లో ఏ డిస్కూ పట్టదు. కొనేముందు మీ డిస్కు ఒకటి వెంట తెచ్చి, ఇక్కడే పెట్టి చూసుకోండి." డెమో కోసం ఒక పీఎస్5ను టీవీకి తగిలించి కౌంటర్ మీదే ఉంచాను. మధ్యాహ్నం పరకాల నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు బస్సెక్కే ముందు తెచ్చుకున్న డిస్కును అందులో పెట్టి, గేము తెర మీదికి వచ్చేదాకా నిలబడి చూసి, ఆ తర్వాతే ధర అడిగారు.